యా ఊరప్పా మీది?

మా రోజుల్లో ఫోన్ మోగిందంటే ఇంటిల్లిపాదీ లేచి నిలబడేవాళ్లం నాయనా. ఇప్పుడు మోగితే ఎవరూ ఎత్తరు. ఎందుకెత్తుతారు? పొద్దున పళ్లు తోముకునే వేళకు ఒకాయప్ప పర్సనల్ లోన్ అంటాడు, అన్నం ముందర కూచుంటే ఒకామె క్రెడిట్ కార్డు అంటుంది, మధ్యాహ్నం కాస్త కునుకు పడితే బెంగళూరులో విల్లా అంటారు. కళ్యాణదుర్గం పక్క వానల్లేక బుడ్డల చేను ఎండిపోయి కూచున్నోనికి విల్లా ఎందుకప్పా?

మా వీధిలో మొదటి ఫోన్ ఒక అయ్యవారింటికి వచ్చింది. నల్లది, బరువుది. డయలు రంధ్రంలో చిన్న తాళం, పైన ఆ ఇంటామె అల్లిన దారం గుడ్డ. వీధికంతా అదే నంబరు. పక్కన ‘పీపీ’ అని రాసుకుని అందరమూ ఆ నంబరే ఇచ్చుకునేవాళ్లం. కరువుకు బెంగళూరు కూలికి పోయినోళ్లు ఫోన్ చేస్తే అయ్యవారి పిల్లోడు పరిగెత్తుకొచ్చి “మీ మామ లైన్లో ఉండాడు” అని కేకేసేవాడు. మేం పోయి అందుకునే లోపల అక్కడ పసుపు బోర్డు ఎస్టీడీ బూత్‌లో ఎర్ర అంకెలు తిరుగుతానే ఉండేవి. అందుకని సోది ఉండేది కాదు. వానొచ్చిందా, అవ్వకెట్లుంది, ఆవు ఈనిందా? అంతే, పెట్టేసేవాళ్లు. రాత్రి పొద్దుపోతే చార్జీ పావు వంతుకు దిగుతుందని బూత్ ముందర వరసగా కాచుకునేవాళ్లు. అదంతా సుఖమని అనను. గుత్తిలో మా పెద్దమ్మ పోయిన కబురు మాకు దినాలయ్యాక చేరింది. ఆ బాధ ఇంకా ఉంది.

అయినా ఇంకో మాట చెప్తే మీరు నమ్మరు. పేర్లు, అడ్రసులు, నంబర్లు అన్నీ అచ్చేసి టెలిఫోన్ శాఖోళ్లే పుస్తకంగా పంచేవాళ్లు. ఎవడైనా తెరిచి చూసుకోవచ్చు. ఆ పుస్తకం చూసి ఒక్క దొంగ మా వీధికి ఫోన్ చేసిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆధారు, ఓటీపీ అన్నీ కడుపులో దాచుకోమంటారు. ఎంత దాచుకున్నా దేశంలో ప్రతి దొంగ దగ్గరా నా నంబరుంది.

దీనికంతా కారణం మాట చౌకైపోవడమే. 1995లో మన దేశానికి సెల్‌ఫోన్ వచ్చినప్పుడు చేసినోనికీ ఎత్తినోనికీ ఇద్దరికీ బిల్లు పడేది. 2003లో ఎత్తినోనికి పడే బిల్లు పోయింది. 2016లో జియో వచ్చాక చేసినోనికీ ఖర్చు లేకుండా పోయింది. మీరేమో పండగ చేసుకున్నారు. దొంగ కూడా చేసుకున్నాడు. ఊరంతటికీ ఫోన్ కొట్టి ఒక్కడు పడినా వానికి లాభమే కదా.

మా కాలంలో మోసగాళ్లు లేరని కాదు. బంగారానికి మెరుగు పెడతామని వచ్చేవాళ్లు. అయితే వాళ్లు రచ్చకట్ట దాటాలి. అక్కడ కూచున్న ముసలోళ్లు “యా ఊరప్పా మీది? ఎవరి మనిషివి? ఎవరింటికొచ్చినావు?” అని అడిగేవాళ్లు. జవాబు తడబడితే వచ్చిన బస్సే ఎక్కించేవాళ్లు. ఆ రచ్చకట్ట ఉండబట్టే మా అవ్వ చెవి కమ్మలు నిలిచినాయి. ఇప్పుడు దొంగకు ఊరు లేదు, మొహం లేదు. పిల్లలు హైదరాబాదులో, అమెరికాలో ఉంటే ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలామె చెవిలోకి తిన్నగా దూరతాడు.

మాకు తెలిసిన ఒక రిటైర్డు హెడ్‌మాస్టరు ఉన్నాడు. గడప తొక్కితే బడంతా గప్‌చిప్ అయ్యేది. ఆయనకు పోలీసు డ్రెస్సులో ఒకడు వీడియోలో కనపడి, నీ పేరుతో డ్రగ్స్ పార్సిల్ దొరికింది, కెమెరా ఆపితే అరెస్టు అన్నాడంట. పెద్దాయన రాత్రంతా గదిలోనే. భార్య సంగటి పళ్లెం తలుపు దగ్గర పెడితే ముట్టలేదు. ఏం జరిగిందని అడిగితే నోట మాట లేదు. దీన్నే డిజిటల్ అరెస్టు అంటారు. అట్లాంటిది మన చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధాని రేడియోలో చెప్పాడు. భయపడిన మనిషికి ఆ వేళ రేడియో గుర్తొస్తుందా? అంత మంచి మనిషిని అంత భయపెట్టినోని మీద నా కోపం చల్లారదు.

సేద్యగాళ్లనూ వదల్లేదు. పీఎం కిసాన్ డబ్బులు రావాలంటే ఇది నొక్కమని వాట్సాప్‌లో ఏదో ఏపీకే ఫైలు పంపుతారు. నొక్కితే ఖాతా ఊడ్చుకుపోతుంది. వానను నమ్మి ఒకసారి మునిగినోణ్ణి మళ్లీ ముంచడానికి చేతులెట్లా వస్తాయో!

సర్కారు ఏమీ చేయలేదని కాదు. 1909కి ‘స్టార్ట్ 0’ అని ఇంగ్లీషులో మెసేజ్ పెడితే ప్రకటనల కాల్స్ వద్దని రాసుకుంటారు. ప్రకటనలకు 140తో, బ్యాంకులకు 1600తో మొదలయ్యే నంబర్లు ఇచ్చారు. దొంగ ఆ నంబర్ల నుంచి చేస్తాడా? మామూలు పది అంకెల నంబరు నుంచే చేస్తాడు. డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత మేలు, డబ్బు చేతులు మారకముందే ఆపే వీలుంటుంది. ఇది మాత్రం పనికొచ్చే ఏర్పాటు, ఒప్పుకుంటాను.

అయితే ఆ నంబరు మీ అవ్వకు తెలుసా? పండక్కి ఊరికొచ్చి ఫోన్లో తల దూర్చి కూచుంటారే, ఒక్క గడియ ఆమె పక్కన కూచోండి. ఆమె ఫోన్లో 1930 పెట్టండి. అక్షరాలు రాకపోతే పక్కన పోలీసు బొమ్మ పెట్టండి. తెలియనోడు ఫోన్ చేసి భయపెడితే కట్ చేసి, ముందు మీకు ఫోన్ చేయమని చెప్పండి. ఆమె చేసినప్పుడు మాత్రం మీటింగులో ఉన్నానని పెట్టేయొద్దు.