‘ఎందుకైనా మంచిది’ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

లేదా అమ్మా. మీరు ఆడో మగో నాకీనాటికీ తెలీదు. మా ఇంట్లో మాత్రం మామ్మ గొంతుతోనే మాట్లాడతారు.

పోయిన ఫిబ్రవరిలో మా ఎనిమిది నెలల పాపకి మొదటిసారి సముద్రం చూపిద్దామని రంగం (రంగూన్) నుంచి ఛౌంగ్‌థా తీరానికి బయల్దేరాం. రెండు రాత్రుల ముచ్చట. నేనూ మా ఆవిడా సాయంత్రం ఆరింటికి సర్దడం మొదలుపెట్టి ఏడింటికల్లా ముగించేశాం. ఒకే ఒక్క సంచీ. డైపర్లు, నూలు గుడ్డలు, టోపీ, పాలసీసా, పాలపొడి, రాగిజావ పిండి, జ్వరం చుక్కలు, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు. జిప్పు సుతారంగా పడింది. ఆ చప్పుడు వినే మీరు లోపలికొచ్చారని నా అనుమానం.

“వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పెట్టార్రా?” అంది మామ్మ.

“హోటల్లో దొరుకుతాయి మామ్మా.”

“ఎందుకైనా మంచిది.”

అంతే. ఫ్లాస్కు వెనక దోమతెర. దోమతెర వెనక ఉయ్యాల కట్టడానికి పాత చీర. హోటలు గదిలో దూలం ఎక్కడుంటుందని అడిగాను గనక, చీర వెనకే తాడు. గ్రైప్ వాటరు. గొడుగు. ఆ గొడుగు విరిగితే ఇంకో గొడుగు. దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలూ, గుప్పెడు రాళ్ళుప్పూ. సముద్రానికి ఉప్పు మోసుకెళ్ళిన కుటుంబం మాదొక్కటే అయ్యుంటుంది.

ఆఖర్న థనఖా రాయి. తెలుగునాట చదివేవాళ్ళు దీన్ని అప్పు వ్యవహారం అనుకునేరు. థనఖా అంటే చెట్టు బెరడు. గంధపుచెక్కని సాన మీద తీసినట్టు రాతి మీద నాలుగు నీటిచుక్కలేసి అరగదీసి, ఆ పసుప్పచ్చటి ముద్దని బుగ్గలకి రాసుకుంటారు. చలవ, ఎండకి అడ్డు. ఇక్కడ చంటిపిల్లలకీ రాస్తారు. దాని ముద్ద డబ్బాల్లో అమ్ముతారు, అరచేతిలో ఇమిడేంత డబ్బా. కానీ మామ్మ రాయే పెట్టించింది. మూడు కిలోలకి తక్కువుండదు. ఆరు నెలల లోపు పిల్లలకి నీడే మందనీ, ఆ తర్వాతైనా పది నుంచి నాలుగు దాకా ఎండలోకి తియ్యొద్దనీ పిల్లల డాక్టర్లు చెబుతూనే ఉంటారు. పాపని ఆ వేళ గదిలో ఉంచితే సగం సామాను అక్కర్లేదు. ఈ మాట మామ్మతో అన్నాను. ఆవిడ ఏమన్నదో మీకే బాగా తెలుసు.

మాది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఇక్కడ పాత మేడలన్నిటికీ బాల్కనీల నుంచి తాళ్ళు వేలాడుతుంటాయి, చివర ఒక క్లిప్పు. పొద్దున్నే పేపరు, టిఫినుకి మొహింగా పొట్లం అలాగే పైకొస్తాయి. మెట్లమీద మోయలేక రాయున్న సంచీని ఆ తాడుతోనే దించాను. తాడు సాగి సాగి, సంచీ రెండో అంతస్తు వాళ్ళ కిటికీ ముందు ఆగి గిర్రున తిరిగింది. వాళ్ళబ్బాయి చెయ్యి చాపి దాన్ని మర్యాదగా కిందికి తోశాడు.

మేముండే బోటాటౌంగ్ పేటకి ఆ పేరంటే వెయ్యిమంది సేనానులు. బుద్ధుడి కేశాలు ఈ రేవుకి వచ్చినప్పుడు వెయ్యిమంది సేనానులు ఎదురెళ్ళారని కథ. ఆ వెయ్యిమందీ వచ్చినా మా సంచులకి చాలరు. అసలు ఈ రంగం రేవులో మూటలు మోయడం మాకు వంశపారంపర్యమే. కోరంగి రేవు పేరు మీద తెలుగు కూలీలందర్నీ ఇక్కడ కోరంగీలు అనేవాళ్ళు, మా ముత్తాత వాళ్ళలో ఒకడు. కాకపోతే ఆయనకి మూటకింతని కూలి ఇచ్చేవారు.

తెల్లారకముందే డాగన్ అయర్ బస్టాండు. బస్సు సపేయా, అంటే ఇక్కడి కండక్టరు, మా సంచులు లెక్కపెట్టి “ఇల్లు మారుతున్నారా?” అని బర్మా భాషలో అడిగాడు. నవ్వుతూ అడిగాడు గానీ నాకు నవ్వు రాలేదు.

దారిలో పథేన్ ఊరు దగ్గర పడుతుండగా పాప పాలకి ఏడ్చింది. సీసా తీశాం, మూత తీశాం, పాలపీక లేదు. ఇంట్లో స్టీలుబుట్టలో బోర్లించి వచ్చేశాం. రెండు గొడుగులున్నాయి, ఉప్పుంది, రాయుంది, పాలపీక లేదు! ఇంతమందికీ చోటిచ్చి అసలుదాన్ని బయట నిలబెట్టారే, దీనికి మీరేం సమాధానం చెబుతారు? పథేన్‌లో కొన్న కొత్త పీకని పాప నాలుకతో తోసేసింది. మళ్ళీ పెడితే మళ్ళీ తోసేసింది.

అప్పుడు మా ఆవిడ సంచీ అడుగు దాకా చెయ్యి పెట్టి ఉగ్గుగిన్నె తీసింది. మామ్మ ఎప్పుడు వేసిందో మాకు తెలీదు. ఇత్తడిది, ముక్కు కాస్త సొట్ట. పాపని ఒళ్ళో ఏటవాలుగా పడుకోబెట్టుకుని, ముక్కు పెదవి మూలకి ఆనించి, చుక్క పోసి, గుటక పడ్డాక ఇంకో చుక్క. బస్సు కొండదారిలో ఊగుతుంటే పాలు సగం పాపకి, సగం ఆవిడ లుంగీకి. అయినా ఏడుపు ఆగింది. గిన్నె కడగడానికి ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు కావలసొచ్చాయి. ఈ సంగతి మామ్మకి చెప్పలేదు. మీకూ చెప్పకూడదనే అనుకున్నాను.

ఆ గిన్నె ఎక్కడిదో చెబుతాను. 1964లో ఇక్కడ దుకాణాలు సర్కారు చేతుల్లోకి పోయాయి, 50, 100 కియాట్ల నోట్లు చెల్లవన్నారు. మనవాళ్ళు వేలకివేలు ఓడలెక్కారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. మామ్మకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు, కడుపులో మా నాన్న. వాళ్ళూ ఒక ట్రంకు పెట్టె సర్దుకున్నారు, పుట్టబోయేవాడికి ఉగ్గుగిన్నెతో సహా. ఓడలో చోటు ఇవాళ వస్తుంది, రేపు వస్తుందన్నారు. రాలేదు. తర్వాత వెళ్ళాలనిపించలేదు. కానీ పెట్టె మాత్రం మూడేళ్ళపాటు మంచం కింద సర్దినట్టే ఉందట. గిన్నె కావలసినప్పుడు తీయడం, కడిగి మళ్ళీ అందులోనే పెట్టడం. మీరు మా ఇంట్లో చేరింది అప్పుడే అయ్యుండాలి.

సముద్రం గురించి చెప్పలేదు కదూ. సాయంత్రం నాలుగున్నర దాటాక ఇసుకలోకి దిగాం. పాప అలని చూసి బెదిరి, మరుక్షణం మర్చిపోయి, ఫ్లాస్కు మూతతో తడి ఇసుక ఎత్తి ఒలకబోయడంలో పడింది. గంటసేపు అదే పని. కాకినాడలో సూర్యుడు ఈ బంగాళాఖాతంలోంచే లేస్తాడట. ఇక్కడ అందులోనే మునుగుతాడు. రాతిమీది క్యౌక్ పఠో గుడి నల్లబడేదాకా కూర్చున్నాం. గొడుగులు విప్పలేదు. రాయి సంచీలోనే ఉంది. ఉప్పు చెమ్మగిల్లి గడ్డకట్టింది.

ఇంటికొచ్చి అన్నీ తీసి ఎక్కడివక్కడ పెట్టాం. ఉగ్గుగిన్నె ఎక్కడ పెట్టనని అడిగాను. “సంచీలోనే ఉండనీరా,” అంది మామ్మ. సంచీ ఇప్పటికీ తలుపు పక్కనే ఉంది. నిన్న ఎత్తి చూస్తే నేను తీసినప్పటికన్నా బరువుగా తోచింది.

ఇట్లు,
బోటాటౌంగ్, నాలుగో అంతస్తు నుంచి,
మీ మూటలు మోసేవాడు