ప్రోస్టేట్ ఎంజైమ్ కొలవడానికి ఏడు సులువైన చిట్కాలు

ఎలుక, కుక్క, పొట్టేలు, ఆంబోతు, మనిషి... ఎవరి ప్రోస్టేట్ గ్రంథిలో యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో పోల్చమని మీ గైడు పురమాయించారా? కంగారు పడకండి. ఇలా కానిస్తే వారంలో తెమిలిపోతుంది.

1. ఐసు దండగ. గ్రంథిని బల్ల మీద పెట్టి, తీరిగ్గా టీ తాగి రండి. ఎంజైమ్ కూడా గుడ్డులాగా ప్రొటీనే కదా, కాస్త వేడి తగిలితే ఏం పోయింది?

2. ఆంబోతు దొరక్కపోతే విత్తుకొట్టిన ఎద్దుతో సరిపెట్టుకోండి. వృషణాలు పోతే ఈ గ్రంథి కుంచించుకుపోతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు వృషణాలు తీసే ఆపరేషన్ చేస్తే రక్తంలో ఈ ఎంజైమే తగ్గిందని చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపించి, 1966లో నోబెల్ కూడా అందుకున్నాడు. అయితేనేం, మీ థీసిస్ దిద్దేది ఆయన కాదుగా!

3. పొట్టేలులో గ్రంథిని వెతికి విసిగిపోకండి. దానికి విడిగా ముద్దలా ఉండదు, మూత్రనాళం గోడలోనే పరుచుకుని ఉంటుంది. కంటికి ఆనలేదు కనుక ‘సున్నా’ అని రాసేయండి.

4. ఎలుక ప్రోస్టేట్‌కు కింద, పక్కన, వెనక, ముందు అని వేర్వేరు లోబ్‌లు. ఒక్కోదాని స్రావం ఒక్కో తీరు. మీరు మాత్రం కత్తెరకు అందినది కోసుకోండి.

5. బఫర్ పీహెచ్ 9 పెట్టండి. ఈ ఎంజైమ్ 5 దగ్గర బాగా పనిచేస్తుందని దాని పేరే చెబుతోంది. పేరులో ఏముంది?

6. ఎంజైమ్ విడగొట్టే సరుకు, అంటే పారా-నైట్రోఫినైల్ ఫాస్ఫేట్, పోసిన ట్యూబులను రాత్రంతా వదిలేయండి. పొద్దునకు ఆ సరుకంతా ఖర్చయిపోతుంది. క్షారం కలపగానే అన్ని జంతువులదీ ఒకటే పసుపు. 405 నానోమీటర్ల దగ్గర ఒకటే రీడింగ్. సమసమాజం వచ్చేసినట్టే!

7. కుక్కకు గ్రాము కణజాలం లెక్క, ఎలుకకు మిల్లీగ్రాము ప్రొటీన్ లెక్క, మనిషికి గ్రంథి మొత్తం లెక్క వేయండి. బ్లాంకు ట్యూబు ఏదని ఎవరైనా అడిగితే, పగిలిపోయిందనండి.

ఇంత కష్టపడ్డాక మీ పట్టికలో మనిషీ ఎలుకా ఒకే వరసలో నిలబడినా ఆశ్చర్యం లేదు. నిజానికి మనిషి ప్రోస్టేట్‌లో ఈ ఎంజైమ్ ఎలుకలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ తేడా చూడాలని సరదా ఉన్నవాళ్లు పై ఏడు చిట్కాలనూ తిరగేసి పాటించండి.