‘పిల్లి అయ్యుంటుందిలే’: కెమెరా అలారం మోగినప్పుడు వినకూడని సలహాలు

సీసీ కెమెరాల మానిటరింగ్ గదిలో పదకొండేళ్లుగా రాత్రి షిఫ్టులు చేస్తున్నాను. అలారం మోగితే ఏం చేయాలో చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. కెమెరా బిగించిన కుర్రాడు చెప్తాడు, పక్కింటాయన చెప్తాడు, అపార్ట్‌మెంట్ సెక్రటరీ చెప్తారు. అందరూ మన మంచి కోరే చెప్తారు, అందుకే తొందరగా నమ్మేస్తాం. నేను ఎక్కువసార్లు విన్న సలహాలు ఇక్కడ రాస్తున్నాను. ఇవి పాటించడానికి కాదు, ఎవరైనా చెప్పినప్పుడు గుర్తుపట్టడానికి.

“పిల్లి అయ్యుంటుందిలే, తీసెయ్”

ఈ మాట మా మేనమామ నోట విన్నాను. సంక్రాంతికి హైదరాబాద్‌లో ఇంటికి తాళం వేసి అందరూ ఊరొచ్చారు. కనుమ రోజు రాత్రి రెండు కావస్తోంది. అరుగు మీద పడుకున్న మామయ్య ఫోను మోగింది.

“ఏంటి మామయ్యా?”

“పిల్లిరా. రోజూ ఇదే గోల.”

బొటనవేలితో అలర్ట్‌ను పక్కకు నెట్టేసి అటు తిరిగి పడుకున్నాడు. నా ఉద్యోగమే అది, అయినా నేనూ లేవలేదు. తెల్లారి ఎదురింటివాళ్లు ఫోన్ చేసి, మీ తలుపు బార్లా తీసి ఉందని చెప్పాక ఆ క్లిప్ తెరిచాం. మొత్తం పదకొండు సెకన్లు. మొదటి నాలుగు సెకన్లలో కరివేపాకు కొమ్మ ఊగడం తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్న చెయ్యి ఒకటి కింది నుంచి లేచి, కెమెరా మెడ పట్టుకుని పైకి తిప్పింది. మిగిలిందంతా చీకటి ఆకాశమే.

అలర్ట్ వస్తే క్లిప్‌ను చివరిదాకా చూడండి. చూశాక లైవ్ తెరవండి. అక్కడ మీ వాకిలి కనిపించాలి. ఆకాశమో, గోడో, నల్లటి తెరో కనిపిస్తే అసలు అలారం అదే. చాలా రికార్డర్లలో లెన్స్ మూసేసినా, వీడియో ఆగిపోయినా విడిగా హెచ్చరించే సౌకర్యం ఉంటుంది. బిగించేటప్పుడు దాన్ని ఆన్ చేయించుకునేవాళ్లు చాలా తక్కువ.

“అలర్ట్‌లు ఎక్కువయ్యాయా, నోటిఫికేషన్ ఆపేసుకో”

ఇంతకంటే చెడ్డ సలహా నేను వినలేదు. రాత్రికి ముప్పైసార్లు ఫోను మోగితే ఎవరికైనా విసుగొస్తుంది, కాదనను. కానీ అన్నిసార్లు మోగడానికి కారణం ఉంటుంది, దాన్ని పట్టుకోవచ్చు. మామూలు మోషన్ డిటెక్షన్‌కు దొంగెవరో దొరెవరో తెలియదు. బొమ్మలో చుక్కలు మారాయా లేదా అన్నదే దానికి లెక్క. కొమ్మ ఊగినా, బండి హెడ్‌లైటు గోడ మీద పాకినా, వాన చినుకు పడినా మోగుతుంది.

రాత్రిపూట అన్నిటికంటే పెద్ద కారణం సాలెపురుగు. చీకటి పడగానే కెమెరా చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ బల్బులు వెలుగుతాయి. ఆ వెచ్చటి వెలుతురుకు పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీడు గాజుకు అడ్డంగా గూడు కడుతుంది. గాలికి ఒక్క పోగు కదిలితే చాలు, తెర మీద తెల్లటి తాడు ఊగినట్టు కనిపిస్తుంది. ఒక బట్టల షాపువాళ్లు ఇలా వారం రోజులు విసిగిపోయి అలారం ఆపేయమన్నారు. నిచ్చెన వేసుకుని మెత్తటి గుడ్డతో గాజు తుడిచి వచ్చాను. ఆ రాత్రి ఒక్కసారి కూడా మోగలేదు.

కాబట్టి ముందు తుడవండి. తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి రోడ్డునూ చెట్టునూ వదిలేసి గేటు, మెట్లు, కిటికీ వరకే గీత గీసుకోండి. మనుషుల్నీ బండ్లనూ వేరుచేసే సదుపాయం మీ కెమెరాలో ఉంటే వాడుకోండి. ఇవన్నీ చేశాకే సెన్సిటివిటీ జోలికి వెళ్లాలి. గోడకు పెట్టే పీఐఆర్ సెన్సర్ విషయం వేరు. అది చుట్టూ ఉన్న వేడికీ ఒంటి వేడికీ తేడాను పట్టి మోగుతుంది. మన మే నెలలో గది వేడి కూడా ఒంటి వేడికి దగ్గరపడుతుంది కాబట్టి దాని చురుకు తగ్గుతుంది. చలికాలంలో బిగించి ‘బాగా పనిచేస్తోంది’ అని వదిలేసినవాళ్లు ఎండాకాలంలో ఒకసారి దాని ముందు నడిచి చూడాలి.

“అలారాలెందుకు, స్క్రీన్ ముందు ఒక మనిషిని కూర్చోబెట్టండి”

అసోసియేషన్ మీటింగుల్లో ఈ మాట తప్పకుండా వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ తెరలు చూసే సైనికుల గురించి నార్మన్ మాక్‌వర్త్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త పరీక్షలు చేసి, 1948లో ఫలితాలు ప్రచురించాడు. ఎంత శ్రద్ధగా చూసేవాళ్లయినా అరగంట దాటేసరికి కళ్ల ముందున్నదాన్ని వదిలేయడం పెరుగుతుందని అందులో తేలింది. పన్నెండు గంటల డ్యూటీలో పదహారు బొమ్మలు చూడమని వాచ్‌మన్‌కు చెప్పి, దొంగతనం జరిగాక అతని జీతం కోయడం అన్యాయం. అలారం అతన్ని పిలవాలి, అప్పుడు అతను చూడాలి. రెండూ ఉండాల్సిందే.

“మోగగానే కర్ర పట్టుకుని పరిగెత్తు”

వద్దు. అవతల ఎంతమంది ఉన్నారో, చేతిలో ఏముందో మీకు తెలియదు. పైగా సాయం పిలిచే చోటు వదిలి వెళ్తే ఆ సాయమూ చేజారుతుంది. 1990 మార్చి 18 అర్ధరాత్రి దాటాక అమెరికాలోని బోస్టన్‌లో గార్డ్‌నర్ మ్యూజియం తలుపు దగ్గరికి పోలీసు దుస్తుల్లో ఇద్దరు వచ్చారు. కాపలా కుర్రాడు తలుపు తీశాడు, వాళ్లు పిలిస్తే డెస్కు వదిలి ఇవతలికి వచ్చాడు. పోలీసులను పిలిచే ఒకే ఒక్క బటన్ ఆ డెస్కు దగ్గరే ఉంది. 13 కళాఖండాలు పోయాయి, వాటితోపాటు వీడియో టేపు కూడా. ఇప్పటికీ అవేవీ దొరకలేదు.

ముందు తెర చూడండి, 112కు ఫోన్ చేయండి, పక్కింటివాళ్లను లేపి లైట్లు వేయించండి. పోలీసులకు “దొంగలు పడ్డారు” అని మాత్రమే చెప్తే చాలదు. ఎంతమంది, ఏ వైపు నుంచి వచ్చారు, ఇంకా లోపలే ఉన్నారా అనేది చెప్పండి. మా మామయ్య ఇంట్లో రికార్డరు టీవీ కిందే ఉండేది. టీవీతో పాటు దాన్నీ పట్టుకుపోయారు. ఫోనుకు వచ్చిన ఆ పదకొండు సెకన్లే మాకు మిగిలాయి. రికార్డరును కంటికి కనిపించని చోట, తాళం వేసిన అరలో పెట్టండి.

“ఫొటో గ్రూపులో పెట్టేయ్, దొంగ దొరుకుతాడు”

కెమెరాలో కనిపించినవాడల్లా దొంగ కాడు. అడ్రసు వెతుక్కుంటున్న డెలివరీ కుర్రాడు కావచ్చు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకార్లు తిరిగితే, మన తెలుగు ఊళ్లలోనే అమాయకుల్ని పట్టుకుని కొట్టారు. క్లిప్ పోలీసులకు ఇవ్వండి, గ్రూపుకు కాదు.

“ఫుటేజ్ ఉంటుందిగా, తీరిగ్గా చూద్దాం”

డిస్కు నిండగానే కొత్తది పాతదాని మీద రాసుకుపోతుంది. జనం గుమిగూడే షాపులూ హాళ్లూ 30 రోజుల రికార్డింగ్ దాచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెప్తోంది. ఇంట్లో మాత్రం చాలామందికి వారం కూడా మిగలదు. రికార్డరు గడియారం తప్పుగా ఉంటే కోర్టులో ఆ వీడియోకు అడుగడుగునా ప్రశ్నలే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం వీడియోతో పాటు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలూ అక్షరాల వరుస) ఉన్న సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. ఏదైనా జరిగిన రోజే ఫుటేజ్ కాపీ తీయించండి.

ఈసారి పండక్కి ఊరెళ్లే ముందు మీ స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) తెచ్చారు. యాప్‌లో నమోదు చేసుకుంటే వాళ్లే వచ్చి కెమెరా పెడతారు, లోపల ఎవరైనా కదిలితే అలారం నేరుగా కంట్రోల్ రూముకు వెళ్తుంది. డబ్బు తీసుకోరు. మీ ఊళ్లో నడుస్తోందా అని అడిగి తెలుసుకోండి. ఈ రాత్రి గేటు వేయడానికి వెళ్లినప్పుడు మాత్రం ఒకసారి తల పైకెత్తి, మీ కెమెరా గాజు మీద సాలెగూడు ఉందేమో చూడండి.