వాక్యానికి లెక్క అడిగిన రోజులు

కొత్త సంవత్సరం వచ్చిందంటే మా సంఘంలో వాగ్దాన కార్డులు పంచుతారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక పళ్ళెంలో కార్డులు బోర్లించి పెడతారు. అందరం వరసలో వెళ్ళి తలా ఒకటి తీసుకుంటాం. ఈ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అదేనని ఇంటికి తెచ్చి బీరువా అద్దానికి అంటించుకుంటారు. ఏళ్ళ తరబడి చూస్తున్నాను, ఆ పళ్ళెంలో ఆజ్ఞ రాసిన కార్డు ఒక్కటీ ఉండదు. దీవెన ఉంటుంది, హెచ్చింపు ఉంటుంది, శత్రువుల మీద జయం ఉంటుంది. శత్రువును ప్రేమించమన్న మాట ఎవరి చేతికీ రాదు. అప్పు అడగవచ్చినవాడికి ముఖం చాటేయొద్దన్న మాట రాదు. కూలివాడి కూలి ఆపొద్దన్న మాట అసలే రాదు. అవీ ఆ బైబిల్లోవే కదా?

మా రోజుల్లో వాక్యం ఇలా చేతికొచ్చేది కాదు. గుండ్లకమ్మ ఒడ్డున మా పల్లె. నేను చెప్పేది 1950లు, 60ల నాటి సంగతి. గుడి అంటే మట్టిగోడలు, తాటాకు కప్పు, ముందు వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. పొద్దుగూకాక ప్రీచరుగారు దాన్ని మోగిస్తే, పొలం నుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని, పొయ్యి మీది సంకటి దించి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చి కూర్చునేవాళ్ళు. బైబిలు ప్రీచరుగారి దగ్గర ఒకటి, టీచరమ్మ దగ్గర ఒకటి, ఇంకో రెండు మూడు ఇళ్ళలో ఉండేవి, అంతే. చాలామందికి అక్షరం రాదు. అందుకని వారానికి ఒక్క వాక్యమే. ఆయన ముక్క ముక్కగా చెప్పేవారు, మేమంతా తిరిగి చెప్పేవాళ్ళం. నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ ఆడవాళ్ళు దాన్నే ఒకరికొకరు అప్పజెప్పుకునేవాళ్ళు.

కంఠతా పట్టడంతో అయిపోయేది కాదు. మళ్ళీ ఆదివారం ప్రీచరుగారు లెక్క అడిగేవారు. "ఈ వాక్యంతో ఏం చేశావమ్మా?" అని ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగేవారు. చేసినవాళ్ళు చెప్పేవాళ్ళు, చేయనివాళ్ళు తలొంచుకునేవాళ్ళు. తలలు ఎక్కువ వంగితే అదే వాక్యం ఇంకో వారం సాగేది. ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయంలో, పొద్దు కుంకేలోపు కోపం వదిలేయమన్న మాట ఉంది చూశారా, అది మా పల్లెలో వారాల తరబడి నడిచింది.

ఆ వారాల్లోనే మా అమ్మకీ మా పెద్దమ్మకీ నీళ్ళ దగ్గర మాటామాటా పెరిగింది. తోడికోడళ్ళు, పక్కపక్క వాకిళ్ళు. వేసవిలో ఏట్లో చెలమలు తవ్వి బిందెలతో మోసుకురావాలి. ఒక బిందె ఒలికిందంటే మళ్ళీ అంత దూరం నడక. పగలంతా ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. సాయంత్రం అమ్మ గడపలో కూర్చుని పడమటి వైపే చూస్తోంది. పొద్దు చింతచెట్ల మీదికి దిగింది. లేచింది, బిందెలో మిగిలిన నీళ్ళు సగం చిన్న కడవలోకి వంచింది, కొంగు నడుముకు దోపుకుని పెద్దమ్మ వాకిట్లో కడవ దించింది. "నేను తొందరపడ్డానక్కా, మనసులో పెట్టుకోకు" అంది. పెద్దమ్మ ఏమీ అనలేదు. కడవ లోపలికి తీసుకెళ్ళి నీళ్ళు పోసుకుని, రెండు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. ఆదివారం లెక్క అడిగినప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు తప్ప నోరు విప్పలేదు. ప్రీచరుగారికి అర్థమైపోయింది, పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా ఫోనుకు తెల్లవారేసరికి ఇరవై ముప్పై వాక్యాలు వచ్చి పడతాయి. పువ్వుల బొమ్మ మీద ఒకటి, సూర్యోదయం మీద ఒకటి. పంపినవాళ్ళు చదివి పంపారో లేదో తెలియదు, అందుకున్నవాళ్ళు చేతులు జోడించిన బొమ్మ పెట్టి పక్కవాళ్ళకు తోసేస్తారు. ఈ వాక్యంతో నువ్వేం చేశావని అడిగే మనిషి లేడు. అడిగితే, నీకెందుకంటారు.

అప్పట్లో మా సంఘ పెద్ద ఒకాయన ఉండేవాడు. కొద్దిపాటి పొగాకు వేసేవాడు. ఒక ఏడు ఆకు అమ్ముడుపోక, కర్రలకు ఆకు కట్టిన ఆడకూలీలకు డబ్బులు నిలబెట్టాడు. ఇవ్వననలేదు, కంపెనీ డబ్బు రాగానే ఇస్తానన్నాడు. ఆ వారం వాక్యం యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలోది. పొలం కోసినవాళ్ళకు పట్టి ఉంచిన కూలి కేకలు పెడుతోందని, ఆ కేక దేవుని చెవిన పడిందని. దాంతోపాటు ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగో అధ్యాయం కూడా చదివారు ప్రీచరుగారు. బీదవాడి కూలి ఏ రోజుకారోజు పొద్దు కుంకేలోపు ఇచ్చేయాలి, వాడి ప్రాణం దాని మీదే పెట్టుకుని ఉంటాడని. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు, పల్లెలో అందరికీ తెలుసు.

మరుసటి ఆదివారం ప్రభువు భోజనం. గిన్నె అందించే పని ఆ పెద్దాయనదే. ఆ రోజు ఆయన బల్ల దగ్గరికి వెళ్ళలేదు. వెనక మగవాళ్ళతోపాటు చాప మీద కూర్చున్నాడు. రొట్టె తన దాకా వస్తే పక్కవాడికి అందించాడు, తాను తీసుకోలేదు. కానుక బలిపీఠం దగ్గరే వదిలిపెట్టి ముందు వెళ్ళి సమాధానపడమని మత్తయి ఐదో అధ్యాయంలో ప్రభువు చెప్పింది ఆయన అలా పాటించాడు. ఆ వారం సంతలో రెండు మేకపోతులు అమ్మి కూలీలందరికీ లెక్క తీర్చాడు. మళ్ళీ నెల బల్ల దగ్గర నిలబడ్డాడు. ఇది చూసిన పిల్లలం మేము. యాకోబు పత్రిక అంటే నాకిప్పటికీ ఆ చాప మీద వంగిన తలే గుర్తొస్తుంది.

ఇప్పుడు ఇళ్ళలో పనిచేసే అమ్మాయికి రెండు నెలల జీతం బాకీ పెట్టి, ఉపవాస కూటానికి తెల్లచీర కట్టుకొచ్చి ముందు వరసలో కన్నీళ్ళు కార్చేవాళ్ళను చూస్తున్నాను. ఆ కన్నీళ్ళు అబద్ధమని నేననను. ఆ వాక్యానికీ ఆ జీతానికీ సంబంధం ఉందని వాళ్ళకెవరూ చెప్పడం లేదని నా బాధ.

ఈ లెక్క అడగడం మా ప్రీచరుగారు కనిపెట్టింది కాదు. మా ఒంగోలు సీమలో సంఘం పుట్టిందే అలా. 1866లో మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చాక, యెర్రగుంట్ల పేరయ్య లాంటి మొదటి విశ్వాసులు మాదిగపల్లెలు తిరిగి సువార్త చెప్పారు. కొత్తగా నమ్మినవాళ్ళకు పెట్టిన నియమాలు కొద్దివే. విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు. వినడానికి చిన్నవే. కానీ జాతరలో డప్పు కొట్టకపోతే కరణానికీ మునసబుకూ కోపం. ఆదివారం పిలిచినా పనికి రాకపోతే కామందుకు కోపం. ఊరి బావి దగ్గరికి రానివ్వలేదు, రావాల్సిన గింజలు ఇవ్వలేదు, కొట్టించారు, కేసులు పెట్టించారు. అయినా వెనక్కి తగ్గలేదు. చదవడం రానివాళ్ళు, నేర్చుకున్న నాలుగు మాటల కోసం నోటి దగ్గర కూడు వదులుకున్నారు.

క్లౌ దొరకూ లెక్క తప్పలేదు. పై కులాలవాళ్ళు కొందరు మొదట ఆయన దగ్గరికి వస్తూ పోతూ ఉండేవాళ్ళు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని తెగేసి చెప్పారు. ఏం చేయాలో తోచక ఆయన గదిలోకి వెళ్ళి, అక్కడున్న పుస్తకాల్లోంచి ఒక కొత్త నిబంధన తీస్తే మొదటి కొరింథీ మొదటి అధ్యాయం కంటపడింది. లోకం గొప్పవాళ్ళనుకునేవాళ్ళు ఎక్కువమంది పిలుపు అందుకోలేదని, ఎందుకూ కొరగారని పక్కన పెట్టినవాళ్ళనే దేవుడు ఏరుకున్నాడని అక్కడుంది. ఇంకో గదిలో ఆయన భార్య కూడా వేరే పుస్తకంలో అదే చోటు చదివి వచ్చిందట. దాంతో తేలిపోయింది. వచ్చేవాళ్ళు వస్తారు, పోయేవాళ్ళు పోతారు, మాదిగలను మాత్రం బయట పెట్టేది లేదు. వాక్యం చదివి, నష్టం వచ్చే దారే పట్టారు.

1876లో వచ్చిన కరువు రెండేళ్ళు పీడించింది. దొర బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వే కంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారేమో, ముందు కరువు పోనీ అన్నాడు. సాయం ఆగాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర మా గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య ఇప్పుడు ప్రతి పండక్కీ మైకులో చెబుతారు. దానికి ముందు బాప్తిస్మాలు ఆపిన ఆ నెలల సంగతి ఎవరూ ఎత్తరు.

పోయిన ఏడు నా మనవడు పరీక్షలకు వెళుతూ హాల్ టికెట్టు వెనక యిర్మీయా ఇరవై తొమ్మిదో అధ్యాయం పదకొండో వచనం రాసుకున్నాడు. దేవుడు మన మేలు కోరే ఆలోచనలే చేస్తున్నాడన్న మాట. ఇప్పుడు ఎవరింట్లో చూసినా ఇదే. కప్పుల మీద, గోడల మీద, పెళ్ళి కార్డుల మీద. "అమ్మమ్మా, ఇది నా వాగ్దానం" అన్నాడు. మంచిదే నాన్నా, పై వచనం కూడా చదువు అన్నాను. చదివి నా వైపు చూశాడు. పదో వచనంలో డెబ్బై ఏళ్ళని ఉంది.

ఆ ఉత్తరం ఎవరికి రాసిందో చెప్పాను. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవాళ్ళకు. ఇరవై ఎనిమిదో అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉంటాడు. రెండేళ్ళలో అన్నీ తిరిగొచ్చేస్తాయని జనానికి నచ్చేట్టు చెప్పాడు. యిర్మీయా ఆ మాట చెప్పలేదు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసి పండ్లు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని రాశాడు. మేలు ఉంది, నిజమే. దానికి ముందు పరాయి ఊళ్ళో ఒక తరం మొత్తం నమ్మకంగా బతకాలి. ఆ పని వదిలేసి మేలును మాత్రం కప్పు మీద అచ్చు వేసుకుంటే, మనం వింటున్నది యిర్మీయానా, హనన్యానా? ఇది ప్రసంగాల్లో చెప్పాలి. నలభై రోజుల్లో నీ పరిస్థితి మారిపోతుందని చెప్పే పాస్టరుగార్లకు జనం ఎక్కువ, డెబ్బై ఏళ్ళ సంగతి చెప్పేవాళ్ళకు కుర్చీలు ఖాళీ.

మనవడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే హైదరాబాదులో హాస్టల్లో ఉన్నా ఆ ఊరి కోసం ప్రార్థన చేయాలా?" అని అడిగాడు. చేయాలి, పనీ చేయాలి అన్నాను. ఇలాంటి ప్రశ్న వాడికి సండే స్కూల్లో ఎందుకు రాలేదు? అక్కడ కంఠతా వాక్యాల పోటీ పెట్టి ఎక్కువ చెప్పినవాళ్ళకు స్టీలు గ్లాసు ఇస్తారు. వాడికీ రెండొచ్చాయి.

ఫోనును నేను పూర్తిగా తిట్టను. మా చెల్లెలికి చూపు పోయింది, ఇప్పుడు రోజూ ఫోనులో బైబిలు వింటుంది. మా అమ్మకు ఆ భాగ్యం లేదు. ఇంకొకటి మాత్రం బాధేస్తుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు బైబిలు చదవడం రావడం లేదు. పాటలు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తుంటే చూసి పాడుతున్నారు. ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పే తీరిక తల్లిదండ్రులకు ఉండాలి కదా.

మా రోజులన్నీ మంచివని కూడా చెప్పను. క్రీస్తులో తేడాలు లేవన్న గలతీ వాక్యం మా అందరికీ నోటికి వచ్చు. అయినా మాల సంఘం, మాదిగ సంఘం అని వేరువేరుగానే ఉన్నాం, పిల్లనివ్వడం పుచ్చుకోవడం మాట వస్తే ఆ వాక్యం గుడిలోనే ఆగిపోయేది. దాని లెక్క మా ప్రీచరుగారు కూడా అడగలేదు. ఈ తరం పిల్లలు కొందరు ఆ గోడ దాటి పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. ఆ విషయంలో వాళ్ళే మాకంటే నయం.

కానీ కొత్త గోడలు లేస్తున్నాయి. అప్పుడు గుడిలో అందరం చాపల మీదే. ఆసామీ అయినా, పాలేరు అయినా నేల మీదే కూర్చునేవాడు. ఇప్పుడు మా గుడిలో ముందు రెండు సోఫాలు వేశారు. డిసెంబరులో సెమీ క్రిస్మస్ పెడితే నాయకులు వస్తారు, శాలువాలు కప్పుతారు, అప్పటికి సరే అనుకున్నాం. పండగ పోయింది, సోఫాలు పోలేదు. కానుక ఎక్కువ ఇచ్చేవాళ్ళు, విదేశాల నుంచి సెలవులకొచ్చినవాళ్ళు వాటిలో కూర్చుంటున్నారు. పోయిన నెల గుడి ఊడ్చే ముసలావిడ మోకాళ్ళ నొప్పితో సోఫా చివర కూర్చోబోతే, వలంటీరు కుర్రాడు వచ్చి "వెనక కుర్చీలున్నాయి మామ్మా" అని లేపాడు. వాడి తప్పు కాదు, వాడికి అప్పజెప్పిన పని అది. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు చూపి, మాసిన బట్టల బీదవాణ్ణి కిందకు పొమ్మనేవాళ్ళను యాకోబు రెండో అధ్యాయంలో ఏమన్నాడో ఆ కుర్రాడికి చదివి వినిపించాను. "నిజంగా బైబిల్లో ఇలా ఉందా?" అని నోరు తెరిచాడు.

కమిటీవాళ్ళకు కాయితం రాసి ఇచ్చాను, సోఫాలు తీసేయమనో, లేదంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు వదలమనో. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని మాట్లాడదామన్నారు. ముందు ఆ అధ్యాయం నేను చదువుతానని చెప్పాను. ఆ కుర్రాడు తానూ వస్తానన్నాడు.