నైరుతి సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "నైరుతి దిశగా సాగండి. రెండు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి. మీ గమ్యం కుడివైపున ఉంది."

అవతారిక: మే నెల మధ్యాహ్నం సిద్దిపేట పాత బస్టాండులో దిగి, చుట్టాలింటికి నడిచే పోదామనుకున్న అర్భకుడికి చేతిలోని ఫోను ఉపదేశించిన సూత్రమిది. ఫోనులో నడిచే మనిషి బొమ్మను నొక్కాడు కనుక ఇతడు ఈ శాస్త్రానికి అధికారి. వక్త సర్వజ్ఞుడు, అశరీరి, చెమట పట్టనివాడు. కొల్చారం మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చి వ్యాఖ్యానాలు మొదలుపెట్టాడు. 2016 అక్టోబరు 11 దాకా ఆయన కొల్చారమూ మా సిద్దిపేటా ఒకే మెదక్ జిల్లా. జిల్లాలు వేరుపడ్డాయి గనక ఆయనిచ్చిన మాట మాకు వర్తించదు.

ప్రతిపదార్థం: సాగండి, మీటర్లు, ఎడమ, కుడి: స్పష్టం. కష్టమంతా నైరుతిలోనే ఉంది. ఈ ఊళ్లో నైరుతి ఎటో తడుముకోకుండా చెప్పేది వాస్తు సిద్ధాంతి ఒక్కడే. తక్కిన జనం ఫోను అరచేతిలో పెట్టుకుని ముస్తాబాద్ చౌరస్తాలో ఆత్మప్రదక్షిణ చేసుకోవలసిందే. ఫోనులోని నీలిచుక్క కూడా వాళ్లతోపాటే తిరుగుతుంది.

దిక్పాలకులను తలుచుకుంటే కొంత వెలుగు కనిపిస్తుంది. ఇంద్రుడికి ఏనుగు, అగ్నికి పొట్టేలు, యముడికి దున్నపోతు, వరుణుడికి మొసలి. నైరుతినేలే నిరృతికి మాత్రం మన పట్టికల్లో వాహనం నరుడు. అంటే ఈ దిక్కున మనిషి ప్రయాణికుడు కాడు, బండి. ఫోనుకు ఇంత పురాణజ్ఞానం ఎక్కడిదని పూర్వపక్షం. లేకపోతే నడిచేవాణ్ణి మెల్లగా పోయే కారుగా ఎందుకు లెక్కగడుతుందని సమాధానం. కారుకిచ్చే దారే ఇతనికీ ఇస్తుంది, నిమిషాలు మాత్రం పెంచుతుంది.

'రెండు వందల మీటర్లు': దూరం లెక్కగట్టి దారి చెప్పే ఈ మతానికి మూలపురుషుడు డచ్చి దేశపు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. 1956లో కాబోయే భార్యతో ఆమ్‌స్టర్‌డామ్ అంగళ్లు తిరిగి, కాళ్లు లాగి, కాఫీ తాగడానికి కూర్చున్నప్పుడు, అతిచిన్న దారి కనిపెట్టే పద్ధతి ఇరవై నిమిషాల్లో ఆయనకు తట్టింది. 1959లో అచ్చయింది. ఆయన తప్పేమీ లేదు. ప్రతి వీధికీ ఇంత ఖర్చని మనం వేసిస్తే, మొత్తం ఖర్చు తక్కువయ్యే దారి ఆ పద్ధతి చెబుతుంది. ఖర్చంటే దూరమే కానక్కర్లేదు. మీటర్లకు బదులు ఎండ వేసిస్తే నీడ దారి చూపిస్తుంది. మోరీ మీద పలక లేని గల్లీకి వెయ్యి మీటర్ల జరిమానా వేస్తే ఆ గల్లీ తప్పిస్తుంది. వేసేవాళ్లు లేరు.

విశేషం: దారి చెప్పడమంటే ఏమిటో తెలియాలంటే మేఘసందేశం చూడాలి. మల్లినాథుడు దానికీ సంజీవని అనే వ్యాఖ్య రాశాడు. రామగిరి నుంచి అలకాపురికి మబ్బును పంపుతూ యక్షుడు ఒక్క మీటరు కూడా చెప్పడు. అలసినప్పుడల్లా కొండకొమ్మున కాలు మోపమంటాడు, చిక్కిపోయినప్పుడు ఏటి నీళ్లు తాగమంటాడు. ఆమ్రకూటం మీద కార్చిచ్చు ఆర్పుతావు కనుక ఆ కొండ నిన్ను నెత్తిన పెట్టుకుంటుందని ధైర్యం చెబుతాడు. నర్మద వింధ్య రాళ్ల మీద చీలి పారే చోటు గుర్తు చెబుతాడు. ఉత్తరానికి పోయేవాడికి ఉజ్జయిని వంకరదారే. అయినా ఆ ఊరి మేడలు చూడకుండా పోకు, అక్కడి ఆడవాళ్ల చూపులు చూడకపోతే కళ్లున్నా లేనట్టేనంటాడు. చుట్టుదారిని ఇంత ఘనంగా సమర్థించినవాడు మరొకడు లేడు. ఫోనైతే 'దారి మారుస్తున్నాను' అని నస పెట్టేది.

ఇక ఇంటి గుర్తులు చూడండి. కుబేరుడి మేడలకు ఉత్తరాన, దూరం నుంచే కనిపించే ఇంద్రధనుస్సులాంటి తోరణం, చేతికందే పూగుత్తులతో వంగిన చిన్న మందారం, పచ్చల మెట్ల బావి, తలుపుకు అటూ ఇటూ శంఖమూ పద్మమూ. పిన్‌కోడ్ లేదు, అయినా మబ్బు ఇల్లు తప్పదు. ఈ శాస్త్రం ఇంకా బతికే ఉంది. గల్లీ మొదట్లో ఇస్తిరి బండి కాడ ఉన్న ముసలమ్మ చెప్పింది: "గిట్ల సక్కగ పోకు బిడ్డా, ఎండ దంచుతది. గుడెన్క గల్లీల నీడుంటది. యాపచెట్టు కాడ ఎడమ దిక్కు మర్రు. నీలం గేటు, ముంగట బోరింగు." యక్షుడి శిష్యురాలే.

మబ్బుకో సౌకర్యం ఉందని మాత్రం ఒప్పుకోవాలి. దానికి కాలిబాట అక్కర్లేదు. మనకు కావాలి. నడిచే మేర అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్లుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 103వ మార్గదర్శకం చెబుతుంది. మా గల్లీల్లో ఆ మేరలో ఆగిన బండ్లుంటాయి, కొట్టు మెట్లుంటాయి, ఎత్తి మళ్లీ వేయని మోరీ పలకలుంటాయి. రాజీవ్ రహదారి దాటాలంటే డివైడరుకు సందు ఎక్కడుందో ముందే తెలిసుండాలి. ముసలివాళ్లు దాన్నెక్కి దిగలేరు. 2022లో దేశంలో రోడ్ల మీద పోయిన 1,68,491 మందిలో దాదాపు ఐదోవంతు నడిచేవాళ్లు. మంచి కాలిబాట రాజ్యాంగం 21వ అధికరణం కిందికొచ్చే హక్కని 2025 మేలో సుప్రీంకోర్టు అన్నది. హక్కు వచ్చింది, బాట రాలేదు.

లేని బాటను ఫోను ఎలా చూపిస్తుందంటారా? లేదని చెప్పవచ్చుగా. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉమ్మడి పటంలో ఏ వీధికి కాలిబాట ఏ పక్కనుందో, రాత్రి దీపాలున్నాయో లేవో, నేల ఎలాంటిదో ఎవరైనా రాయవచ్చు. ఆ వివరాల గడులు ఖాళీగా ఉంటే, ఆ పటం చూసి దారి చెప్పే యంత్రం సాఫీ దారే అనుకుంటుంది. కాలేజీ పిల్లలు నాలుగు ఆదివారాలు తిరిగితే పాత బస్టాండు చుట్టుపక్కల గడులు నిండుతాయి. ముసలమ్మకు తెలిసిన నీడ కూడా, ఏ పూట ఏ పక్కనుంటుందో, రాసిపెట్టవచ్చు.

'మీ గమ్యం కుడివైపున ఉంది': ఉంది, గోడకు అవతల. గుమ్మం వెనక గల్లీలో. ఇక్కడ ఫోను మౌనం వహిస్తుంది. గమ్యమంటే కోమటి చెరువు కట్టేనని కొందరు వ్యాఖ్యాతలు. అందుకు యుక్తి ఉంది, ఊళ్లో నిశ్చింతగా నడవగలిగేది అక్కడే. కనుక పొద్దున్నే నడవడానికి అందరూ బండ్ల మీద అక్కడికి పోతారు.

ఇది నైరుతి సూత్రవ్యాఖ్య. మోరీ మీద పలకలు పడేదాకా అసంపూర్ణం.