బొట్టు పెట్టి పిలవలేదని

ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ కొండల్లో మేం ఇల్లు కొనుక్కున్న పల్లెలో ప్రతి నెలా తలుపు సందులోంచి ఒక పల్చటి పత్రిక లోపలికి వచ్చి పడేది. పక్కింటి పెద్దావిడ తెచ్చి వేసేది. పైన చర్చి బొమ్మ ఉంటే చర్చి సంగతులు మనకెందుకులే అనుకుని, పిజ్జా కరపత్రాలతో కలిపి చెత్తడబ్బాలో పడేసేవాణ్ణి. ఒక్కసారి లోపలి పేజీ తిప్పి ఉంటే మా అమ్మకు ఒక వేసవి మొత్తం దక్కేది. అది తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ పత్రిక మీద నాకిప్పుడున్న గౌరవం పెద్ద దినపత్రికల మీద కూడా లేదు. మలుపు దగ్గర గుంతల గురించి పారిష్ కౌన్సిల్లో ఏం మాట్లాడుకున్నారు, ఏ వారం ఏ రంగు డబ్బా బయట పెట్టాలి, ఆదివారం క్రికెట్‌కు ఇద్దరు తక్కువయ్యారు ఎవరైనా వస్తారా, చర్చి గంటలు మోగించడం నేర్చుకుంటారా... అన్నీ అందులోనే. పారిష్ కౌన్సిల్ అంటే 1894 చట్టంతో వచ్చిన చిన్న పంచాయతీ. ఆటస్థలం, శ్మశానం, దారి పక్క బెంచీలు చూసుకుంటుంది. ఎవరైనా వెళ్లి కూర్చుని వినొచ్చు. వేసవి వచ్చిందంటే పేజీలు పెరుగుతాయి. ఊరి హాల్లో టీ, కేకులు. పచ్చికలో జాతర, అందులో కొబ్బరికాయను బంతితో కొట్టి పడగొట్టే ఆట, కుక్కల పోటీ. తోటలున్న వాళ్లు ఒక పూట గేట్లు తెరిచి, వచ్చిన టికెట్టు డబ్బులు ఏదో ఒక మంచి పనికి ఇస్తారు. 1927లో నర్సుల కోసమని మొదలైన అలవాటు అది, దేశమంతటా పాకింది. ఆగస్టు దాటితే కూరగాయల పోటీ. మూడు ఉల్లిగడ్డలు ఒకే తీరుగా పండించి ప్లేటులో పెట్టడానికి పెద్దవాళ్లు ఎంత తాపత్రయపడతారో చూస్తే ముచ్చటేస్తుంది.

ఇవన్నీ మా గుమ్మానికి వంద అడుగుల లోపలే జరుగుతుండేవి. కిటికీలోంచి జెండాలు కనిపించేవి, బ్యాండు వినిపించేది. నేను మాత్రం కదిలేవాణ్ణి కాదు. కారణం సిగ్గుతోనే చెబుతున్నా. మమ్మల్ని ఎవరూ పిలవలేదు.

జనగామ దగ్గర పుట్టి పెరిగినవాణ్ణి. పేరంటమైనా పెళ్లయినా ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలి, పేరు పేరునా చెప్పాలి, ఇంటిల్లిపాదీ రావాలనాలి. పిలవని పేరంటానికి వెళ్తే పరువు పోతుంది. ఆ లెక్క మోసుకెళ్లి ఇంగ్లండ్ పల్లె మీద పెట్టాను. నోటీసు బోర్డు మీద అందరూ రావచ్చని రాసి పిన్ను గుచ్చితే, అక్కడ అదే బొట్టు. దాన్ని మించిన పిలుపు ఇంకోటి లేదు. నాకది తట్టలేదు. రంగు చూసి దూరం పెట్టారని ఇంట్లో అన్నాను, ఫోన్లో స్నేహితులతో అన్నాను. అలా దూరం పెట్టేవాళ్లు ఈ దేశంలో లేరని కాదు. కానీ ఈ ఊరివాళ్ల మీద ఆ నింద వేసేముందు నేను వాళ్ల గడప తొక్కలేదు, బోర్డు ముందు నిలబడలేదు. ఏమీ తెలుసుకోకుండానే తీర్పు చెప్పేశాను.

అమ్మ మా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆరు నెలల వీసా. మేమిద్దరం డెర్బీలో ఉద్యోగాలకు పోతే, రాత్రి తొమ్మిదిన్నర దాటినా పొద్దు గుంకని ఆ జూన్ రోజుల్లో ఆమె ఒక్కతే కిటికీ దగ్గర కూర్చునేది. "మనుషులే కనవడరు బిడ్డా" అనేది. వీళ్లింతే అమ్మా, ఎవరితో కలవరు అని నేనే చెప్పాను. నమ్మింది.

అదే జూన్‌లో ఊరి హాల్లో పూలపని జరుగుతోంది. బావులకు, ఊటలకు పూల అలంకారం చేయడం డెర్బీషైర్‌కు ప్రత్యేకం. టిస్సింగ్టన్ అనే ఊళ్లో 1349 ప్రాంతంలో ప్లేగు చుట్టుపక్కల ఊళ్లను తుడిచేసినా తమను తాకలేదని, అది మంచినీళ్ల చలవేనని చెప్పుకుంటారు. అక్కడ ఈస్టర్ తర్వాత వచ్చే అసెన్షన్ గురువారం నాడు బావులను అలంకరిస్తారు. మిగతా ఊళ్లు వేసవంతా తమ తమ వారాల్లో చేస్తాయి. పెద్ద చెక్క పలకలను ముందు నీళ్లలో నానబెడతారు. తడి ఆరకుండా ఉప్పు కలిపిన బంకమట్టి వాటి మీద మెత్తుతారు. బొమ్మ గీసిన కాగితం పరిచి, గీతల వెంట సూదితో గుచ్చి గుర్తులు దింపుతారు. గింజలూ చిన్న కాయలూ వరసగా నొక్కితే అంచులు తేలతాయి. తర్వాత రేకులు. ఒక్కొక్కటీ వేలితో అద్ది, కింది నుంచి పైకి, ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పెడతారు. అప్పుడే వాన నీళ్లు బొమ్మలోకి దిగకుండా జారిపోతాయి. రేకులు వాడిపోతాయి కాబట్టి చివరి రెండు మూడు రోజులు ఊళ్లో ఆడా మగా పిల్లాజెల్లా అందరి చేతులూ కావాలి. బొమ్మ నిలిచేది వారం. తర్వాత అన్నీ తీసేస్తారు.

తంగేడు, గునుగు వరసలు తప్పకుండా ఏటేటా బతుకమ్మ పేర్చిన చేతులు మా అమ్మవి. ఆ చేతులు ఖాళీగా ఒళ్లో పెట్టుకుని ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. చేతులు చాలక హాల్లో వాళ్లు అర్ధరాత్రి దాకా పనిచేశారట.

ఇది నాకు తెలిసింది అమ్మ వెళ్లిపోయాక చాలా కాలానికి. పక్కింటి పెద్దావిడ తుంటి విరిగి మంచం పట్టింది. ఆమె పంచాల్సిన పత్రికల కట్ట మా వీధిలో ఎవరైనా తీసుకుంటారా అని వాళ్లబ్బాయి అడిగితే కాదనలేకపోయాను. పంచుతూ చదివాను. తర్వాత ఆమెను చూడ్డానికి వెళ్లి, మమ్మల్ని ఎందుకు పిలవలేదని అడిగేశాను. ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. పత్రిక వేశాను కదా అంది. "మీ అమ్మగారిని కిటికీలో చూసేదాన్ని. చెయ్యి ఊపేదాన్ని. మీరు ఎవరి జోక్యమూ లేకుండా ఉండాలనుకుంటున్నారేమోనని లోపలికి రాలేదు."

పోయిన జూన్‌లో పలక ముందు కూర్చుని నీలం రేకులు అద్దుతూ అమ్మకు వీడియో కాల్ చేశాను. మోకాళ్లు అరిగిపోయి ఆమె ఇప్పుడు విమానం ఎక్కే స్థితిలో లేదు. ఫోన్ పలక వెంట తిప్పి చూపిస్తుంటే చాలాసేపు మాట్లాడకుండా చూసి, "నేనున్నప్పుడు గూడ చేసిన్రా ఇది?" అని అడిగింది.

చేశారమ్మా అన్నాను.

ఆమె తిట్టింది. హాల్లో అందరూ తలెత్తి చూసేంత గట్టిగా తిట్టింది. ఆరు నెలలు గోడలు చూపించినవు, ఒక కాగితం చదవనీకి నీకు తీరలేదా అంది. నేను అడ్డు చెప్పలేదు. పక్కన కూర్చున్న వాళ్లు ఏమైందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిట్టడం అయ్యాక అమ్మ ఫోన్ దగ్గరగా పెట్టమంది. ఎడమ పక్క రేకులు పల్చగా పడ్డయి, మట్టి కనవడుతున్నది, ఇంకో వరస ఎక్కించమంది. ఎక్కించాను.