లక్ష కోట్లు భద్రం!

కొత్త ఎస్‌ఎస్‌డీ. పెట్టె మీద ఒక టీబీ. విండోస్‌లో 931 జీబీ!

మిగతాది ఎవరు మింగారు?

ఎవరూ కాదట. అమ్మినవాడు వెయ్యితో లెక్కేస్తాడు. విండోస్ 1024తో భాగిస్తుంది. ఇద్దరూ నిజాయితీపరులే, బిత్తరపోయేది కొన్నవాడొక్కడే.

లక్ష కోట్ల బైట్లూ లోపలే ఉన్నాయట. లెక్కలో భద్రం, కంటికి మాత్రం కరువు. బడ్జెట్లు వినే జనానికి ఇది కొత్తేం కాదు లెండి!

అదే డ్రైవు మ్యాక్‌కు తగిలిస్తే వెయ్యీ ప్రత్యక్షం. 2009లోనే ఆపిల్ కొలత మార్చేసింది మరి. ఒక్క బైటూ పెరగలేదు. బీపీ తగ్గింది.

కాబట్టి 931 కనిపిస్తే కొట్టువాడితో గొడవొద్దు. 500 కనిపిస్తే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, కేటాయించని జాగా ఉందేమో చూడండి.

అక్కడా లేకుంటే, బిల్లు వెతకండి!